తెలిసిన రోజుకీ చెప్పిన రోజుకీ మధ్య: కార్ల రీకాల్ వెనక కథ

కార్ల రీకాల్ (లోపం ఉన్న బండ్లని కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయడం) వార్త వచ్చినప్పుడల్లా అందరూ ఎన్ని లక్షల బండ్లు అని చూస్తారు. నేను తేదీలు వెతుకుతాను. లోపం ఉందని కంపెనీ లోపల మొదట ఎప్పుడు తెలిసింది, కొనుక్కున్నవాళ్లకి ఎప్పుడు చెప్పారు? మనుషులు చనిపోయింది ఎక్కువగా ఈ రెండు తేదీల మధ్యే. రీకాల్ చట్టాలు ఎక్కువగా పుట్టిన అమెరికాలో అరవై ఏళ్లుగా జరుగుతున్న గొడవంతా ఆ మధ్య కాలం గురించే.

ఒకప్పుడు యాక్సిడెంట్ అంటే తప్పు డ్రైవర్‌దే. బండిని అనుమానించే అలవాటే లేదు. 1965లో రాల్ఫ్ నేడర్ అనే యువ లాయర్, జనరల్ మోటార్స్ వాళ్ల కార్వెయిర్ కారు వెనక సస్పెన్షన్ వల్ల మలుపుల్లో అదుపు తప్పుతోందని ఒక పుస్తకంలో రాశాడు. కంపెనీ అతని వెనక డిటెక్టివ్‌లని పెట్టింది. అది బయటపడి 1966 మార్చిలో కంపెనీ అధ్యక్షుడు జేమ్స్ రోచ్ సెనేట్ కమిటీ ముందు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, అదే ఏడాది సెప్టెంబర్ 9న అమెరికా అధ్యక్షుడు జాన్సన్ వాహన భద్రతా చట్టం మీద సంతకం పెట్టాడు. కానీ ఆ చట్టంలో పెద్ద కంత ఉంది: లోపం ఉంటే యజమానికి కబురు పంపాలని ఉంది గానీ, ఉచితంగా బాగుచేసి ఇవ్వాలని లేదు. ఆ మాట చేరడానికి 1974 దాకా పట్టింది.

ఫోర్డ్ పింటో కారు గురించి చాలామంది వినే ఉంటారు. పెట్రోల్ ట్యాంక్ వెనక యాక్సిల్‌కీ బంపర్‌కీ మధ్య ఉండటంతో, వెనక నుంచి ఇంకో బండి గుద్దితే మంటలు లేచేవి. బండికి 11 డాలర్లు ఖర్చు పెట్టడం కన్నా చనిపోయినవాళ్లకి పరిహారం ఇవ్వడమే చవక అని ఫోర్డ్ లెక్క వేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక్కడ నిజం కాస్త వేరు. ఆ లెక్క పింటో ఒక్కదాని మీద కాదు, వెనక నుంచి గుద్దే ప్రమాదాల మీద కూడా కాదు. బండి పల్టీ కొట్టినప్పుడు పెట్రోల్ కారడం గురించి, 1.25 కోట్ల అమెరికన్ వాహనాల మీద వేసి ప్రభుత్వానికే ఇచ్చిన లెక్క అది. అందులో ప్రాణం విలువగా వాడిన 2 లక్షల డాలర్ల అంకె కూడా ప్రభుత్వ సంస్థ దగ్గర నుంచి తీసుకున్నదే. నన్నడిగితే ఇదే ఇంకా భయపెట్టే విషయం, ఎందుకంటే ఎవరూ దాన్ని రహస్యంగా చేయలేదు, అది మామూలు ఆఫీసు పనిగా సాగింది. 1978లో ఒక పింటో కేసులో జ్యూరీ 12.5 కోట్ల డాలర్ల జరిమానా వేస్తే జడ్జి దాన్ని 35 లక్షలకి తగ్గించారు. అదే ఏడాది ఫోర్డ్ 15 లక్షల బండ్లని రీకాల్ చేసింది.

ఆ తర్వాత వచ్చింది ఫైర్‌స్టోన్ టైర్ల వ్యవహారం. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌లకి వేసిన టైర్ల పై పొర వేగంలో ఊడిపోయి బండ్లు తిరగబడేవి. 1998లోనే ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసే పరిశోధకుడు క్లెయిముల్లో 21 కేసులు ఒకేలా ఉన్నాయని గమనించి, రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి రాశాడు. ఏమీ జరగలేదు. 1999లో సౌదీ అరేబియాలో ఫోర్డ్ ఆ టైర్లని మార్చడం మొదలుపెట్టింది, అమెరికాలో మాత్రం 65 లక్షల టైర్ల రీకాల్ 2000 ఆగస్టులో గానీ రాలేదు. ఒకే లోపం, ఒక దేశంలో మారుస్తున్నారు, ఇంకో దేశంలో అమ్ముతున్నారు! ఆ ఏడాది నవంబర్‌లో వచ్చిన ట్రెడ్ చట్టం దీన్నే పట్టుకుంది: వేరే దేశంలో రీకాల్ చేస్తే కంపెనీలు 5 పని దినాల్లో ప్రభుత్వానికి చెప్పాలి, మరణాలు, గాయాలు, వారంటీ క్లెయిముల వివరాలు ఎప్పటికప్పుడు ఇవ్వాలి.

అయినా దాచేవాళ్లు దాచారు. నన్ను అన్నిటికన్నా కలచివేసేది జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్, అంటే తాళం పెట్టి తిప్పితే బండి స్టార్ట్ అయ్యే స్విచ్. తాళం గట్టిగా నిలవక, మోకాలు తగిలినా, గుత్తి బరువుగా ఉన్నా జారిపోయి ఇంజిన్ ఆగేది. దాంతో పవర్ స్టీరింగ్ పోతుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. స్విచ్ బలం తక్కువని 2002లో దాన్ని ఆమోదించినప్పుడే తెలుసు. 2006లో కంపెనీ ఇంజనీర్ కొత్త స్విచ్‌కి ఒప్పుకున్నాడు, కానీ పార్ట్ నంబర్ మార్చలేదు. పాతదీ కొత్తదీ కాగితం మీద ఒకటే అయిపోయాయి, లోపం ఎక్కడుందో కంపెనీ వాళ్లే చాలాకాలం తేల్చలేకపోయారు. చివరికి ఒక మృతురాలి కుటుంబం తరఫు లాయర్ పెట్టుకున్న నిపుణుడు రెండు స్విచ్‌లు విప్పి పక్కపక్కన పెట్టి తేడా చూపించాడు. 2014లో 26 లక్షల బండ్లు రీకాల్ అయ్యాయి, కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలని ఒప్పుకుంది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వేసిన జరిమానా 3.5 కోట్ల డాలర్లు. అప్పటి చట్టంలో అంతకన్నా ఎక్కువ వేసే వీలే లేదు. తర్వాత న్యాయశాఖతో 90 కోట్ల డాలర్లకి ఒప్పందం కుదిరింది, క్రిమినల్ కేసు మాత్రం ఏ ఒక్క వ్యక్తి మీదా పడలేదు.

టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగులదీ అదే దారి. బ్యాగ్‌ని ఉబ్బించడానికి లోపల వాడిన అమ్మోనియం నైట్రేట్ తేమకీ వేడికీ ఏళ్ల తరబడి పాడై, ప్రమాదంలో దాని డబ్బా (ఇన్‌ఫ్లేటర్) పేలి లోహపు ముక్కలు ముఖం మీదికి వచ్చేవి. 2008లో దాదాపు 4 వేల కార్లతో మొదలైన రీకాల్ అమెరికాలోనే 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లకి చేరింది. పరీక్షల ఫలితాలు మార్చి రాశామని కంపెనీ 2017లో కోర్టులో ఒప్పుకుని, కొన్ని నెలలకే దివాలా తీసింది.

రీకాల్ ప్రకటించాక కూడా బండి బాగుపడుతుందన్న హామీ లేదు, ఎందుకంటే ఉత్తరం పాత అడ్రసుకి పోతుంది, లేదా కారు అప్పటికే రెండు చేతులు మారి ఉంటుంది. అమెరికాలో రీకాల్ పెండింగ్‌లో ఉన్న కొత్త కారుని డీలర్ అమ్మకూడదు. 2016 నుంచి పెద్ద రెంటల్ కంపెనీలు కూడా అద్దెకి ఇవ్వకూడదు. సెకండ్‌హ్యాండ్ కారుని మాత్రం అదే లోపంతో అమ్మినా అక్కడి కేంద్ర చట్టం ఇప్పటికీ అడ్డుచెప్పదు.