మోకాల్లో తీగపాకం

రాజోలు నుంచి ఒక పాఠకురాలు రాశారు. వాళ్ల అమ్మగారికి అరవై దాటాయి, సుగరు ఉంది, మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందన్నారు. ఆపరేషన్ ఇప్పుడే వద్దంటే డాక్టరు మూడు సూదుల పేర్లు చెప్పారట: స్టెరాయిడ్, జెల్, పీఆర్‌పీ. మొదటిది చవక, మిగతా రెండూ వేలల్లో. "ఖరీదైనదే మంచిదా?" అని ఆవిడ ప్రశ్న.

అరుగుదల ఎందుకొస్తుందన్నది నేను వదిలేస్తాను. ఏళ్ల తరబడి ఊడ్పుల్లో వంగి, పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని పనిచేసినవాళ్లున్న డెల్టాలో ఆ కథ ఇంటింటికీ తెలుసు. నా మనసంతా జెల్ మీదే ఉంది.

తాపేశ్వరం కాజాకి పాకం ఎప్పుడు దించాలో గడియారం చెప్పదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క అద్ది, వేళ్లు మెల్లగా విడదీస్తే తీగ సాగాలి. ముందే తెగిందా, లేతపాకం. మోకాల్లోంచి తీసిన నీటికీ ఇదే పరీక్ష. సిరంజి కొసనుంచి చుక్క వదిలితే మంచి కీలులోని ద్రవం రెండు మూడు సెంటీమీటర్లయినా తీగ సాగి తెగుతుంది. వాపుతో ఉన్న కీలు ద్రవమైతే నీళ్లలా టపటపా రాలిపోతుంది.

పాకంలో తీగ చక్కెరది. మోకాల్లో తీగ కూడా చక్కెర వంశానిదే. గ్లూకురోనిక్ ఆమ్లం, ఎసిటైల్ గ్లూకోజమైన్ అనే రెండు చక్కెర జాతి అణువులు, ఒకదాని పక్కన ఒకటి వేల సంఖ్యలో గొలుసు కడితే హైల్యురోనిక్ ఆమ్లం. ఒక జత బరువు సుమారు 400 డాల్టన్లు (అణువుల బరువుకి కొలమానం), పొడవు ఒక నానోమీటరు. ఆరోగ్యమైన మోకాల్లో ఒక్కో గొలుసు అరవై లక్షల డాల్టన్ల దాకా ఉంటుంది. లెక్క వేయండి: 15,000 జతలు, చాపితే 15 మైక్రాన్లు. ఒక్క అణువు ఎర్ర రక్తకణానికి రెండింతల పొడవు! కాజా పాకంలో తీగ రావాలంటే నీళ్లు ఇగిరి గాఢత పెరగాలి. మోకాలి ద్రవంలో ఈ పదార్థం మిల్లీలీటరుకు మూడు మిల్లీగ్రాములే. అంత పల్చటి పాకం ఏ కాజాకీ పట్టదు. కానీ గొలుసులు అంత పొడవు కాబట్టి ఒకదానిలో ఒకటి చిక్కుకుని, ఆ కాస్త గాఢతలోనే తీగ సాగుతాయి.

ఇక్కడినుంచి పాకం మనతో రాదు. పాకాన్ని మెల్లగా కలిపినా జోరుగా కలిపినా చిక్కదనం ఒకటే. మోకాలి ద్రవం వేగాన్ని బట్టి గుణం మార్చుకుంటుంది. మెల్లగా లేచి నిలబడితే గొలుసులు ఒకదాన్నొకటి తప్పించుకుని జారడానికి వ్యవధి ఉంటుంది, ద్రవం చిక్కగా పారుతుంది. ఒకే దిశలో వేగంగా జారేటప్పుడు గొలుసులన్నీ ఆ దిశకు తిరిగి పల్చబడుతుంది. గట్టుమీంచి చేలోకి దూకితే మాత్రం చిక్కు విడిపోయే వ్యవధి లేక మొత్తం సాగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. దెబ్బలో కొంత అక్కడే ఆగిపోతుంది. బళ్లో మడతబందు కీలు బొమ్మ గీయించి, "ఇందులో కందెన ద్రవం ఉంటుంది" అని ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఇంత మంచి పాఠం ఆ ఒక్క వాక్యం కింద పడి నలిగిపోతోంది.

జబ్బు చేసిన మోకాల్లో పాకం రెండు విధాల లేతబారుతుంది. వాపు వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్ గొలుసుల్ని ముక్కలు చేస్తాయి. పైగా రక్తనాళాల నుంచి నీరు ఊరి ఉన్నదాన్ని పల్చన చేస్తుంది. "నీరు ఒకసారి తీయిస్తే మళ్లీ మళ్లీ పడుతుంది" అని మన ఊళ్లలో భయపెడతారు. నీరు పట్టేది లోపలి వాపు వల్ల. ఆ వాపు తగ్గకపోతే తీయించినా, తీయించకపోయినా పడుతుంది.

మరి తీగపాకం బయటినుంచి పోస్తే? జెల్ సూది వెనకున్న ఆలోచన అదే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ హైల్యురోనిక్ ఆమ్లాన్ని ఆవు కంట్లోంచి వేరుచేశారు. హంగరీలో పుట్టిన ఎండ్రే బలాజ్ 1942లో దీన్ని బేకరీల్లో గుడ్డు తెల్లసొనకు బదులు వాడొచ్చని పేటెంటు అడిగాడు. తర్వాత ఆయనే దాన్ని కంటి ఆపరేషన్లకీ, పందెపు గుర్రాల కీళ్లకీ పనికి తెచ్చాడు. పుష్కలంగా దొరికే చోటు ఏదంటే కోడిపుంజు తలమీది ఎర్ర జుత్తు! సంక్రాంతికి భీమవరం బరుల్లో పుంజు రంగు చూసి పందెం కాసేవాళ్లెవరూ ఆ జుత్తులో మోకాళ్ల మందు ఉందని అనుకుని ఉండరు. అమెరికాలో ఈ సూదులకు 1997లో అనుమతి వచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు బాక్టీరియాతో తయారుచేస్తున్నాయి. పుంజు జుత్తు నుంచి తీసిన రకమైతే, గుడ్డో కోడిమాంసమో పడనివాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి.

అంతా బాగుంది, ఒక్క చిక్కు తప్ప. కుందేళ్లలోనూ గొర్రెల్లోనూ కొలిచి చూస్తే, కీలులో పోసిన మామూలు హైల్యురోనిక్ ఆమ్లంలో సగం ఒక రోజులోపే మాయమైంది. గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేసిన రకాలు కొన్ని రోజులు నిలుస్తాయి. ఉపశమనం మాత్రం నెలల పాటు ఉంటుందంటారు. పాకం లేకుండా తీపి ఎక్కడిది? కీలు పొరలోని కణాల మీద సీడీ44 అనే గ్రాహకం ఉంది, అణువు దానికి తగులుకుని వాపు సంకేతాల్ని తగ్గిస్తుందని ఒక వివరణ. నాకు నచ్చిన వివరణే, కానీ రోగుల మీద లెక్కలు దాన్ని మోయడం లేదు. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 169 పరీక్షల్ని, ఇరవై ఒక్క వేలమందికి పైగా రోగుల్ని కలిపి చూశారు. మందు లేని ఉత్తుత్తి సూదితో పోల్చిన పెద్ద పరీక్షల్లో జెల్ అదనంగా తగ్గించిన నొప్పి, నూరు మిల్లీమీటర్ల కొలబద్ద మీద రెండు మిల్లీమీటర్లు. నొప్పి పడేవాళ్లకి ఆ తేడా తెలియదు.

పీఆర్‌పీ కథ కూడా ఉప్పునీళ్ల దగ్గరే తేలింది. మన రక్తాన్నే తీసి, గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మోకాల్లోకి ఎక్కిస్తారు. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందికి సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి సెలైన్, అంటే ఉప్పునీళ్లు, ఇచ్చి ఏడాది ఆగి చూస్తే, పది మార్కుల నొప్పిలో పీఆర్‌పీకి 2.1, సెలైన్‌కి 1.8 తగ్గింది. ప్లేట్‌లెట్ల గాఢత చాలలేదని కొందరి వాదన. అది తీసిపారేయదగింది కాదు. నన్ను ఆపేది ఆ 1.8. ఉత్త ఉప్పునీళ్లకు అంత! సూది అనే తతంగానికే ఒక మందు గుణం ఉంది. అందుకే "మా వదినకి బాగా పనిచేసింది" అన్న సాక్ష్యం అబద్ధం కాకపోయినా, ఏ సూది గొప్పదో తేల్చదు.

స్టెరాయిడ్ మాత్రం నిజంగా పనిచేస్తుంది, కొద్ది వారాలు. కణంలోకి దూరి, గ్రాహకానికి అంటుకుని, కేంద్రకంలో వాపును రాజేసే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ నోరు మూసి, వాపు ప్రోటీన్లు తయారవకుండా చేస్తుంది. అదే పనిగా వేస్తే? 2017లో వెలువడిన ఒక పరీక్షలో 140 మందికి మూడు నెలలకోసారి, రెండేళ్లు ట్రైయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ గానీ సెలైన్ గానీ ఇచ్చారు. నొప్పిలో తేడా రాలేదు. గుజ్జు మాత్రం స్టెరాయిడ్ వాళ్లకి 0.21 మిల్లీమీటర్లు, సెలైన్ వాళ్లకి 0.10 తగ్గింది. నెలనెలా సూది పొడిచేసే ఊరి డాక్టర్లకి ఈ అంకె గోడమీద రాసిపెట్టాలి.

ఇక రాజోలు అమ్మగారి సంగతి. నొప్పి ఉన్నట్టుండి ముదిరి, మోకాలు వాచి, నడవలేని స్థితి వస్తే ఒక స్టెరాయిడ్ సూదికి అర్థముంది. సుగరు కొన్ని రోజులు పెరుగుతుంది కాబట్టి ఆ వారం రోజూ చూసుకోవాలి. మూడు నెలల్లోపు మోకాలి మార్పిడి అనుకుంటుంటే ఆ సూది వద్దు, ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. జెల్‌కీ, పీఆర్‌పీకీ పెట్టే వేలు మంచి ఫిజియోథెరపిస్టుకి పెట్టండి. 2020లో 156 మంది మీద స్టెరాయిడ్ సూదితో పోల్చి చూసినప్పుడు ఏడాది తర్వాత మెరుగ్గా ఉన్నది వ్యాయామం చేయించినవాళ్లే. ఏ సూది వేయించుకున్నా, రెండు మూడు రోజుల్లో మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం తగిలితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.