వెళ్లొచ్చిన కవరా, వేయించుకున్న ముద్రా?

అంటార్కిటికా ముద్ర ఉన్న కవరు అమ్మకానికి వచ్చిన ప్రతిసారీ అదే తగువు మళ్లీ లేస్తుంది. అక్కడికి వెళ్లి, అక్కడి డబ్బాలో వేసిన ఉత్తరమైతేనే లెక్క అంటారు ఊళ్లు తిరుగుతూ పిక్చర్ పోస్ట్‌కార్డులు కూడబెట్టే ప్రయాణికులు. ముద్ర అక్కడ పడిందా లేదా, అంతవరకే చూడాలంటారు స్టాంపుల సేకర్తలు. 2024 ఏప్రిల్ 5న అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రం భారతిలో మన తపాలాశాఖ రెండో శాఖ తెరిచాక ఈ గొడవ ఇంకాస్త ముదిరింది. కొత్త శాఖ అంటే కొత్త ముద్ర. కొత్త ముద్ర అంటే దానికో ధర.

మన బృందం మంచు ఖండం మీద ఎప్పుడు దిగింది, అంటార్కిటికా ఒప్పందంలో ఎప్పుడు చేరాం అన్నవి పోటీ పరీక్షలు రాసే పిల్లలకు కంఠతా వచ్చు. తగువు మూలం అక్కడ లేదు. 1988 జనవరి 26న ఉంది. అంటార్కిటికాలో మన తొలి కేంద్రమైన దక్షిణ గంగోత్రిలోని తపాలా కార్యాలయాన్ని అధికారికంగా గోవా తపాలా విభాగం కిందికి తెచ్చిన రోజు అది. అంటార్కిటికాకు మన ఏడో శాస్త్రీయ యాత్రలో వెళ్లిన శాస్త్రవేత్త డాక్టర్ జి. సుధాకర్ రావు దానికి తొలి గౌరవ పోస్ట్‌మాస్టర్. గౌరవ పోస్ట్‌మాస్టర్ అంటే జీతం తీసుకునే తపాలా ఉద్యోగి కాదు. తన పరిశోధన తాను చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు ముద్ర చేతబట్టే మనిషి.

ఈ ఏర్పాటుతో మూడు సంగతులు స్థిరపడ్డాయి. అంటార్కిటికా కవరు మీద అతికేది మామూలు భారతీయ స్టాంపే. దానికి పట్టేది దేశంలో ఉత్తరానికి పట్టే రేటే. ఇక కవరు తపాలా సంచిలో పడేది మంచు మీద కాదు, గోవాలో. సేకర్తలు పంపిన కవర్ల కట్ట గోవా నుంచి బృందంతో బయల్దేరుతుంది, కేంద్రంలో ముద్ర వేయించుకుంటుంది, తిరుగు ప్రయాణంలో గోవా చేరి అక్కడి నుంచి ఇళ్లకు వెళ్తుంది. రానూపోనూ దగ్గర దగ్గర ఏడాది. ప్రయాణికుల అభ్యంతరమంతా ఇక్కడే. పోస్టు చేసిందీ గోవాకే, బట్వాడాకు వదిలిందీ గోవాలోనే అయితే మధ్యలో పడిన ముద్ర విహారయాత్రే తప్ప తపాలా కాదు కదా అని వాళ్ల ప్రశ్న.

అడగదగ్గ ప్రశ్నే. కానీ దీని వెనక ఒక ఊహ ఉంది. 1988కి ముందు అక్కడ ‘అసలైన’ తపాలా నడిచిందని, గోవా చేతికొచ్చాక అది జ్ఞాపికల దుకాణంగా మారిందని. 1984 లెక్క చూస్తే ఈ ఊహ నిలవదు. ఆ ఏడాది ఫిబ్రవరి 24న మూడో యాత్ర సమయంలో తపాలా కార్యాలయం తెరిచారు. ఆ యాత్రకు నాయకుడు హర్ష్ గుప్తా, తర్వాతి కాలంలో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి డైరెక్టర్. తొలి ఏడాదిలోనే సుమారు 10 వేల ఉత్తరాల మీద అక్కడ ముద్ర పడింది. బృందంలో ఉన్నది వందమంది కూడా కాదు. తలా వంద ఉత్తరాలకు పైగా ఇంటికి రాసుకున్నారని ఎవరైనా నమ్మితే నమ్మవచ్చు. ముద్ర కోసమే వెళ్లిన కవర్లు మొదటి రోజు నుంచీ ఉన్నాయి. ఆ దారిని 1988 ఒక పద్ధతిలో పెట్టింది, అంతే.

మంచు ఖండంలో మిగతా దేశాల తపాలా ఇంతకంటే స్వచ్ఛంగా ఏమీ లేదు. 1904లో దక్షిణ ఓర్క్నీ దీవుల్లోని లారీ దీవిలో అర్జెంటీనా తపాలా కార్యాలయం తెరిచింది. పోస్ట్‌మాస్టర్ హ్యూగో అకూన్యా అప్పటికి ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు. అక్కడ ఉత్తరాలు రాసే జనమెవరూ లేరు. ఆ ముద్ర పని ‘ఈ నేల మాది’ అని చాటడం. 1944లో బ్రిటన్ పోర్ట్ లాక్‌రాయ్‌లో స్థావరం వేసినప్పుడూ వెంట స్టాంపులు తీసుకెళ్లింది. ఫాక్‌లాండ్ స్టాంపుల మీదే ‘గ్రాహం లాండ్’ లాంటి అంటార్కిటికా ప్రాంతాల పేర్లు అచ్చు వేయించింది. ఒక దేశపు స్టాంపును ఇంకో దేశం చెల్లదనడం, అందిన ఉత్తరానికి అపరాధ రుసుము వసూలు చేయడం అప్పట్లో మామూలే. 1959 ఒప్పందంలోని నాలుగో అధికరణం ఈ హక్కుల పోరును ఉన్నచోట గడ్డకట్టించింది. మన దేశానికి అక్కడ భూమి మీద ఏ దావా లేదు. కాబట్టి అక్కడి మన మరో కేంద్రం మైత్రిలో భారతీయ స్టాంపు అతికినంత మాత్రాన అది మన నేల అన్న అర్థం రాదు.

న్యూజీలాండ్ కథ ఇంకా నేరుగా ఉంటుంది. 1987లో అంటార్కిటికాలోని తన స్థావరం స్కాట్ బేస్‌లో తపాలా కార్యాలయం మూసేశారు, అక్కడ ఆ దేశం తనదని చెప్పుకునే రాస్ డిపెండెన్సీ ప్రాంతపు స్టాంపులూ ఆగిపోయాయి. 1994లో స్టాంపులు మళ్లీ వచ్చాయి. ముద్ర వేసేది మాత్రం న్యూజీలాండ్‌లోనే. సిరా కూడా దక్షిణాదికి వెళ్లని ఆ కవర్లు ఆల్బంలో దర్జాగా కూర్చున్నప్పుడు, మైత్రి దాకా వెళ్లొచ్చిన కవరును గుమ్మం బయట నిలబెట్టడం ఏ న్యాయమో ప్రయాణికులే చెప్పాలి.

వాళ్ల వాదనకు బలమిచ్చేది ఒకే చోటు, పోర్ట్ లాక్‌రాయ్. బ్రిటిష్ వారసత్వ ట్రస్టు నడిపే ఈ చిన్న తపాలా కార్యాలయం దక్షిణార్ధగోళపు వేసవిలో, నవంబరు నుంచి మార్చి దాకా తెరిచి ఉంటుంది. ఓడల్లో వచ్చిన పర్యాటకులు స్వయంగా దిగి, బ్రిటిష్ అంటార్కిటిక్ టెరిటరీ స్టాంపు కొని, కార్డు రాసి డబ్బాలో వేస్తారు. ఒక్కో సీజన్‌లో 70 వేలకు పైగా కార్డులు ఇలా వెళ్తాయి. సంచీ ఏదో ఒక ఓడెక్కి ఫాక్‌లాండ్ చేరి, అందులోని కార్డులు బ్రిటన్ మీదుగా లోకమంతా చేరతాయి. కార్డు ఇంటికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. పంపినవాళ్లే ముందు ఇల్లు చేరి, తమ కార్డు కోసం పోస్ట్‌మన్ దారి చూడటం మామూలే. మైత్రికి, భారతికి అలా టికెట్టు కొనుక్కుని వెళ్లే వీలు లేదు. వెళ్లలేని చోటి ముద్రను వెళ్లి తెచ్చుకోవాలనడంలో అర్థం తక్కువ.

ఓడలోనే వేసిన కార్డులది వేరే కథ. సముద్రం మధ్యలో పోస్టు చేసిన ఉత్తరానికి ఆ ఓడ ఏ దేశపు జెండా కింద నడుస్తోందో ఆ దేశపు స్టాంపు చెల్లుతుంది. మొదట తాకిన రేవులో, ఓడలో వేసిన ఉత్తరమని తెలిపే ‘పాక్‌బో’ అన్న ముద్ర పడుతుంది. దాన్ని అంటార్కిటికా ముద్ర అని అమ్మేవాళ్లున్నారు. అది అంటార్కిటికాది కాదు, రేవుది.

అసలు చిక్కు చాలామంది చూడని చోట ఉంది. కేంద్రంలో రెండు రకాల ముద్రలుంటాయి. మధ్యలో తేదీ, చుట్టూ కార్యాలయం పేరు ఉండి స్టాంపును రద్దు చేసే గుండ్రటి తపాలా ముద్ర ఒకటి. పెంగ్విన్ బొమ్మతోనో కేంద్రం చిత్రంతోనో పెద్దగా కనిపించే రబ్బరు ముద్ర రెండోది. సేకర్తలు దీన్ని క్యాషే అంటారు. ఇది అలంకారం. స్టాంపును రద్దు చేయదు, తపాలా విలువ ఉండదు. భారతి కేంద్రం 2012 నుంచి పనిచేస్తోంది, తపాలా శాఖ వచ్చింది 2024లో. మధ్య పన్నెండేళ్ల కవర్ల మీద భారతి క్యాషే కనిపించవచ్చు, భారతి తపాలా ముద్ర కనిపించడానికి వీల్లేదు. ఈ ఒక్క తేడా తెలియక ఎక్కువ ధర పెట్టి కొనుక్కున్నవాళ్లే తర్వాత గొంతు పెద్దది చేస్తుంటారు.

తేదీలతోనే సగం నకిలీలు దొరుకుతాయి. దక్షిణ గంగోత్రి తపాలా ముద్ర 1984 ఫిబ్రవరి 24కి ముందు ఉండదు. ఆ కేంద్రం మంచులో కూరుకుపోవడంతో 1990లో తపాలా మైత్రికి మారింది. కాబట్టి అంతకు ముందరి తేదీతో మైత్రి తపాలా ముద్ర కనిపిస్తే పక్కన పెట్టాల్సిందే. స్టాంపు విడుదలైన తేదీ ముద్ర తేదీకి తర్వాతిది అయితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. మైత్రికీ భారతికీ మధ్య సుమారు 3,000 కిలోమీటర్లు. ఒకే కవరు మీద రెండు కేంద్రాల ముద్రలూ ఒకే తేదీతో ఉంటే అమ్మేవాణ్ని అడగాల్సింది ధర కాదు, అదెలా కుదిరిందని.

కొత్త పిన్‌కోడ్ వచ్చిందంటూ 2024లో వార్తల్లో తిరిగిన ఎమ్‌హెచ్–1718ని కవరు మీద చిరునామాగా రాసి పంపినవాళ్లూ ఉన్నారు. అది కొత్త శాఖకు ప్రయోగాత్మకంగా ఇచ్చిన కోడ్. మనకు అలవాటైన ఆరంకెల పిన్ కాదు. కవర్లు చేరాల్సింది గోవా వాస్కోలోని హెడ్‌లాండ్ సడాలో ఉన్న ధ్రువ పరిశోధన కేంద్రానికి, ఎన్‌సీపీఓఆర్‌కు. దాని పిన్ 403804. వేసవి బృందాలు సాధారణంగా నవంబరు, డిసెంబరుల్లో కేప్‌టౌన్ మీదుగా వెళ్తాయి. అంతకు చాలా ముందే కట్ట గోవా చేరకపోతే ఇంకో ఏడాది ఆగాలి.

కవరు తయారీలో తప్పులు ఎక్కువగా కుడివైపే జరుగుతాయి. స్టాంపును మూలకు ఆనించి అతికిస్తే ముద్ర సగం గాలిలో పోతుంది. అంచు నుంచి ఒక సెంటీమీటరు వదిలి అతికించాలి, ఎడమ పక్కన ముద్ర పూర్తిగా పడేంత ఖాళీ ఉంచాలి. 20 గ్రాముల లోపు ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు సరిపోతుంది. లోపల పల్చటి అట్టముక్క పెడితే కవరు మడత పడదు, ముద్ర కింద గట్టి ఆధారమూ దొరుకుతుంది. అది కూడా కలిపి తూచాలి. తన చిరునామా బాల్‌పెన్నుతో రాయాలి. ఫౌంటెన్ పెన్ను సిరా మంచు తడికి, ఓడ చెమ్మకు పాకిపోతుంది. నిగనిగలాడే పిక్చర్ కార్డు మీద ముద్ర సిరా త్వరగా ఆరదు. కట్టలో పై కార్డు ముద్ర కింద కార్డు బొమ్మకు అంటుకుని రెండూ పాడవుతాయి. అందుకే ఒక్కో కార్డును విడిగా కవరులో పెట్టి పంపడం మేలు.

చేతికొచ్చాక స్టాంపును కత్తిరించడం, నీళ్లలో నానబెట్టి ఊడదీయడం చేస్తే ముద్ర సగమైపోతుంది, కవరు కథ అక్కడితో సరి. మెత్తటి పీవీసీ తొడుగులు ఏళ్లు గడిచేకొద్దీ జిగురెక్కి సిరాను లాగేస్తాయి. పాలిస్టర్ తొడుగులు కాస్త ఖరీదైనా అవే కావాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో గోడను ఆనుకున్న బీరువాలో పెట్టిన ఆల్బంకు వానాకాలంలో గోధుమరంగు మచ్చలు వస్తాయి. అది బూజు. సిలికా జెల్ పొట్లాలు పెట్టడం, నెలకోసారి ఆల్బం తెరిచి గాలి తగలనివ్వడం తప్పనిసరి. మైనస్ డిగ్రీల్లోకి వెళ్లొచ్చిన కవరు చివరికి మన ఉక్కపోతకు పాడవుతుంది.

ఇక ఆల్బంలో చోటు మాట. ప్రయాణికుడు స్వయంగా వేసిన కార్డునూ, గోవా మీదుగా ముద్ర వేయించుకున్న కవరునూ ఒకే పుటలో పెట్టి రెండింటి కిందా ‘అంటార్కిటికా నుంచి’ అని రాయడం దగ్గరే అసలు చికాకు. సేకర్తల వాడుకలో రెండోదానికి ‘కోరి వేయించుకున్న ముద్ర’ అని పేరుంది. అట్టడుగున ఆ మూడు మాటలూ, గోవా నుంచి వెళ్లిన సీజన్, తిరిగి అందిన తేదీ పెన్సిలుతో రాస్తే కొనేవాడు మోసపోడు. చాలామంది రాయరు. రాస్తే ధర తగ్గుతుంది.

మైత్రి స్థానంలో మైత్రి–2 కట్టాలని ఇప్పటికే నిర్ణయం జరిగింది. కేంద్రం మారితే ముద్ర మీద పేరు కూడా మారవచ్చు. 1990లో దక్షిణ గంగోత్రి కవర్లకు పట్టిన గిరాకీ పాత మైత్రి కవర్లకు పడుతుందని లెక్కవేసి ఇప్పటి నుంచే కట్టలు కొనిపెట్టుకుంటున్నవాళ్లు క్యాషేనూ తపాలా ముద్రనూ వేరుచేసి చూసుకుంటే చాలు.