మందుల ఊళ్లో కెమిస్ట్రీ డిగ్రీ

ఈమధ్య మా మేనకోడలు హైదరాబాద్ జీడిమెట్లలో ఒక వాక్-ఇన్ ఇంటర్వ్యూకి వెళ్లింది. బీఎస్సీ బీజెడ్‌సీ పూర్తయింది, కెమిస్ట్రీలో మంచి మార్కులే వచ్చాయి. ఉద్యోగం ఒక మందుల కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో. వాళ్లు అడిగింది ఒక్కటే: "హెచ్‌పీఎల్‌సీ మీద ఎప్పుడైనా పనిచేశావా?" మందులో ఏవేవి ఎంతెంత ఉన్నాయో వేరుచేసి కొలిచే యంత్రమది. థియరీ చదివానని చెప్పింది. ఫైలు వెనక్కి ఇచ్చేశారు. ఇంటికొచ్చాక నన్ను అడిగింది: "మామయ్యా, మూడేళ్లు ల్యాబ్‌లో మాతో చేయించిందంతా మరి ఎవరి కోసం?"

నేనూ ఇదే ఊళ్లో ఇదే డిగ్రీ చదివాను. తన ప్రాక్టికల్ రికార్డు తీసుకుని చూస్తే మొదటి ఏడాది పేజీలు నా రికార్డులాగే ఉన్నాయి. సాల్ట్ అనాలిసిస్, బ్రౌన్ రింగ్ టెస్ట్, ఒకటో గ్రూపుకి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండో గ్రూపుకి హైడ్రోజన్ సల్ఫైడ్. లోహాలను ఇలా గ్రూపులుగా విడదీసి పట్టుకునే ఈ వరస 1841లో జర్మనీలో ఫ్రెసీనియస్ ప్రచురించిన పద్ధతి నుంచి వచ్చింది. దాన్ని నేను తక్కువ చేయను. తెల్లటి పొడిలో ఏముందో రంగుని బట్టి, అవక్షేపాన్ని బట్టి పట్టుకోవడం నేర్చుకున్న రోజు నాకిప్పటికీ గుర్తుంది. కానీ చుట్టూ ఇన్ని మందుల ఫ్యాక్టరీలున్న ఊళ్లో డిగ్రీ ల్యాబ్ అక్కడే ఎందుకు నిలిచిపోయింది? దీనికి జవాబు కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

హైదరాబాద్‌లో కెమిస్ట్రీ మొదట రెండు భాషల్లో నడిచింది. 1887లో మొదలైన నిజాం కాలేజీ మద్రాస్ యూనివర్సిటీకి అనుబంధం. అక్కడ చదువు ఇంగ్లీషులో. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో సైన్సుతో సహా అన్నీ ఉర్దూలోనే. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, పాఠ్యపుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు, కొత్త మాటలు కట్టారు. కెమిస్ట్రీ అంటే కీమియా, మూలకం ఉన్సుర్, సమ్మేళనం మురక్కబ్. ఒక భారతీయ భాషలో యూనివర్సిటీ స్థాయి సైన్సు చెప్పొచ్చని వాళ్లు చేసి చూపించారు. ఆ శ్రమను నేను గౌరవిస్తాను. అయితే ఊళ్ల నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి అదీ పరాయి భాషే, ఇంగ్లీషూ పరాయి భాషే.

1947లో నిజాం కాలేజీ ఉస్మానియా కిందికి వచ్చింది. 1948 పోలీసు చర్య తర్వాత ఉస్మానియాలో ఇంగ్లీషు మీడియం వచ్చింది. తెలుగు వంతు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక గానీ రాలేదు. సంయోజకత, ఉత్ప్రేరకం, సమతాస్థితి లాంటి మాటలతో డిగ్రీ పుస్తకాలు వచ్చాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన నా తోటివాళ్లు చాలామంది ఆ పుస్తకాల వల్లే ఆర్గానిక్ కెమిస్ట్రీ గట్టెక్కారు. కానీ ఫ్యాక్టరీలో తయారీ వివరాలు రాసే బ్యాచ్ రికార్డు ఉండేది ఇంగ్లీషులో. ఉద్యోగంలో చేరాక మళ్లీ మొదటి నుంచి మొదలు.

అదే కాలంలో డిగ్రీకి ఇప్పటి రూపం వచ్చింది. పదో తరగతి, రెండేళ్ల ఇంటర్, ఆపైన మూడేళ్ల బీఎస్సీ. అందులో మూడు సబ్జెక్టులు సమానం. ఎంపీసీలో లెక్కలు, ఫిజిక్స్‌ల పక్కన, బీజెడ్‌సీలో బోటనీ, జువాలజీల పక్కన కెమిస్ట్రీ. మనం "కెమిస్ట్రీ డిగ్రీ" అంటాం గానీ నిజానికి అది మూడో వంతు డిగ్రీ. ప్రాక్టికల్స్‌కి దొరికేది వారానికి రెండు మూడు గంటలు. అందులో పట్టేది సాల్ట్ అనాలిసిస్, టైట్రేషన్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి ఒక పదార్థం ఎంతుందో లెక్కగట్టడం). నా దృష్టిలో అసలు ముడి ఇక్కడే పడింది.

ఇక కాలేజీ గేటు బయట సంగతి. 1944లో హైదరాబాద్ రాజ్యం శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన కోసం ఒక కేంద్ర ప్రయోగశాల పెట్టింది. 1956లో అది కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ కింద రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది. తార్నాక వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ "ఆర్ఆర్ఎల్" అనే అంటారు. 1989 నుంచి దాని పేరు ఐఐసీటీ. 1961లో కేంద్రం ఐడీపీఎల్ స్థాపించింది. సోవియట్ సహకారంతో యాంటీబయాటిక్స్ ప్లాంటు రిషికేశ్‌లో, సింథటిక్ మందుల ప్లాంటు బాలానగర్‌లో పెట్టారు. రియాక్టర్ దగ్గర షిఫ్టులో నిలబడి పనిచేసే కెమిస్టులు ఈ ఊళ్లో ఒక తరంగా తయారైంది అక్కడే.

ఆ తర్వాతి మలుపు చట్టం. 1970 పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మందు మీద పేటెంట్ ఉండేది కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే ఉండేది. అంటే అదే అణువును వేరే దారిలో తయారు చేయగలిగితే అమ్ముకోవచ్చు. ఆ దారి వెతకడమంటే ఆర్గానిక్ కెమిస్ట్రీయే. క్లాసులో బట్టీ పట్టే నైట్రేషన్, రిడక్షన్, ఎసిటైలేషన్ లాంటి రసాయన చర్యలకు ఒక్కసారిగా మార్కెట్లో విలువ వచ్చింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఎ.వి.రామారావు నాయకత్వంలో ఐఐసీటీ ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీకి తయారీ పద్ధతి రూపొందించి సిప్లాకు ఇచ్చింది. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం బల్క్ డ్రగ్ (మందులోని అసలు పదార్థం) తయారుచేసే ఫ్యాక్టరీలతో నిండాయి.

అంజిరెడ్డి చదువును కొంచెం ఆగి చూడాలి. గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ చేసి, మందుల తయారీ నేర్చుకోవడానికి బొంబాయి వెళ్లారు, పీహెచ్‌డీకి పుణె వెళ్లారు. పరిశ్రమకు కావలసిన విద్య మామూలు బీఎస్సీలో అప్పుడూ లేదు. తర్వాత వచ్చిన కంపెనీలు కూడా పరిశోధనకు ఎమ్మెస్సీలను, పీహెచ్‌డీలను తీసుకున్నాయి. బీఎస్సీ వాళ్లను ఫ్రెషర్లుగా చేర్చుకుని పని తామే నేర్పాయి. అందువల్ల కాలేజీ ల్యాబ్ మారలేదని ఎవరికీ లోటు అనిపించలేదు.

2005 జనవరి 1 నుంచి మందు మీదే పేటెంట్ వచ్చింది. దానికి ముందు నుంచే కంపెనీలు అమెరికా, యూరప్ మార్కెట్ల మీద దృష్టి పెట్టాయి. అక్కడి తనిఖీలకు తట్టుకోవాలంటే ప్రతి బ్యాచ్‌లో మలినాలెంతో కొలిచి రాసి చూపించాలి. ఆ కొలత హెచ్‌పీఎల్‌సీ, జీసీ లాంటి యంత్రాల పని. బీఎస్సీ వాళ్లకు ఉద్యోగాలు ప్రొడక్షన్ నుంచి క్యూసీ వైపు జరిగాయి. ఒక్కో యంత్రం ఖరీదు లక్షల్లో ఉంటుంది. మామూలు డిగ్రీ కాలేజీ ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ ఖాళీలోకి ఈ యంత్రాలు నేర్పే అమీర్‌పేట కోచింగ్‌లు వచ్చాయి. సరిగ్గా ఆ కాలంలోనే ఊరి చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు వెలిశాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఇంటర్లో కెమిస్ట్రీ బాగా చదివిన పిల్లలు అటు వెళ్లిపోయారు. 2016లో దోస్త్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా డిగ్రీ కాలేజీల్లో ఆన్‌లైన్ అడ్మిషన్లు, సెమిస్టర్లు వచ్చాయి. పరీక్షల తీరు మారింది గానీ, మా మేనకోడలి ల్యాబ్‌లోకి కొత్త యంత్రమేదీ రాలేదు.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అంత మోతాదు యాంటీబయాటిక్ నీళ్లలో కలిస్తే దానికి లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆ నీళ్లను పరీక్షించడం కూడా కెమిస్ట్రీయే. డిగ్రీ పిల్లలు మూసీ నుంచో నక్కవాగు నుంచో సీసాలో నీళ్లు పట్టి తెచ్చి, అందులో ఆక్సిజన్ ఎంత కరిగి ఉందో టైట్రేషన్‌తో తేల్చొచ్చు. దానికి లక్షల యంత్రం అక్కర్లేదు. బ్యూరెట్, నాలుగైదు ద్రావణాలు, ఓపిక ఉన్న లెక్చరర్ చాలు.

మా మేనకోడలు అమీర్‌పేటలో ఒక హెచ్‌పీఎల్‌సీ కోర్సులో చేరింది. మొదటి వారమంతా పాఠం బోర్డు మీదే జరిగిందట. యంత్రం దగ్గరికి బ్యాచ్‌కి పదిహేను మందిని పంపుతారట. తన వంతు వచ్చే సోమవారం.