‘ఎవడు పాపము చేసెను?’: ఎయిడ్స్ ముందు క్రైస్తవ వేదాంతం

పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు యేసును అడిగిన ప్రశ్న యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది: “ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?” ఇద్దరూ కారన్నది ఆయన జవాబు. 1981లో ఎయిడ్స్ వెలుగులోకి వచ్చాక చాలా చర్చిలు ఆ జవాబును పక్కనబెట్టి శిష్యుల ప్రశ్ననే మళ్లీ అందుకున్నాయి. ఇది దేవుడు వేసిన శిక్ష అన్న ప్రసంగాలు వినిపించాయి. యేసు చివరి విందును తలచుకునే ఆరాధన అయిన ప్రభురాత్రి భోజనంలో అందరూ ఒకే పాత్రలోంచి తాగితే అంటుకుంటుందేమోనని, ఉమ్మి ద్వారా సోకదని వైద్యులు చెబుతున్నా, అమెరికా, బ్రిటన్ సంఘాల్లో విశ్వాసులు జంకారు. ఒక్కటిగా ఉన్నామనడానికి గుర్తయిన పాత్ర మీదే అనుమానం పడింది.

చర్చిలు నోరు విప్పడంలో ఆలస్యం చేశాయని, తీర్పు తీర్చడంలో మాత్రం ఎందరో క్రైస్తవులు తొందరపడ్డారని ప్రపంచ చర్చిల మండలి 1986లోనే ఒప్పుకుంది. ఒప్పుకోలు వల్ల పెద్దగా ఏమీ మారలేదు. నా దృష్టిలో అసలు మలుపు ఉగాండాలో వచ్చింది. ఆంగ్లికన్ గురువు గిడియన్ బ్యముగిషా భార్య 1991లో మరణించారు. తనకూ హెచ్ఐవీ ఉందని ఆయన 1992లో బహిరంగంగా చెప్పారు. ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర రొట్టె విరిచే మనిషే రోగి అయ్యాక, ‘వాళ్లు’ అని వేలు చూపడం కష్టమైంది. “ఒక అవయవము శ్రమపడునప్పుడు అవయవములన్నియు దానితోకూడ శ్రమపడును” అని, విశ్వాసులంతా కలిసి క్రీస్తు శరీరమని చెబుతూ అపొస్తలుడు పౌలు అన్న మాటను ఆఫ్రికా వేదాంతులు అక్షరాలా తీసుకుని, క్రీస్తు శరీరానికే ఎయిడ్స్ సోకిందన్నారు. 2003 డిసెంబరులో నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో సమావేశమైన వేదాంతులు రోగిని వెలివేయడమే పాపమని తేల్చారు.

శరీరం ఒక్కటే అయితే మందు ధర ఒక దేశపు గొడవగా మిగలదు. ఏడాదికి 10,000 డాలర్లు దాటిన చికిత్సను 2001 ఫిబ్రవరిలో మన దేశపు మందుల కంపెనీ సిప్లా 350 డాలర్లకే ఇస్తానంది. చౌక మందులకు దారితీసే చట్టంపై 39 కంపెనీలు దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద వేసిన దావాను ఆ ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నాయి. ఆ పోరాటంలో అక్కడి చర్చిలూ గొంతు కలిపాయి. తర్వాతి కాలంలో హైదరాబాద్ కంపెనీల మందులు కూడా ఆఫ్రికాకు చేరాయి.

గర్భనిరోధక సాధనాలను ఒప్పుకోని క్యాథలిక్ చర్చికి కండోమ్ దగ్గర మాత్రం పీటముడి పడింది. వాటి పంపిణీ సమస్యను పెంచుతుందని 2009 మార్చిలో కామెరూన్ వెళ్తూ విమానంలో అన్న పోప్ 16వ బెనెడిక్ట్, మరుసటి ఏడాది, ఎదుటివారికి సోకకూడదన్న ఉద్దేశంతో వాడితే కొన్ని సందర్భాల్లో అది బాధ్యత వైపు తొలి అడుగు కావచ్చని అన్నారు.