పైకప్పులో ఆకాశం ముక్క

మా మేనకోడలు హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కుంది. నడిమి హాలుకు ఎటు నుంచీ కిటికీ లేదు, పగలు పదకొండింటికి కూడా లైటు వేసుకోవాల్సిందే. ఫాల్స్ సీలింగ్ చేసే ఆయన రెండు రకాలు చూపించాడట. ఒకటి నీలాకాశం, తెల్ల మబ్బులు, అంచున కొబ్బరాకులు ప్రింట్ చేసి వెనక ఎల్ఈడీలు పెట్టిన ప్యానెల్, అది వేలల్లో అయిపోతుంది. రెండోది ఫోన్‌లో చూపించిన విదేశీ స్కైలైట్, లక్షల మాట. "రెండూ పైన నీలంగా వెలుగుతాయి కదా మామయ్యా, అంత తేడా దేనికి?" అని అడిగింది. రెండు రోజులుగా నా బుర్రలో ఇదే తిరుగుతోంది.

మొదటిది ఆకాశం ఫొటో. రెండోదాంట్లో నీలం రంగు ఎక్కడా పూయలేదు, నీలం బల్బు కూడా లేదు. ఒక్క తెల్ల దీపం, దాని ముందు నీళ్లలా తేటగా ఉన్న ఒక ప్లాస్టిక్ పలక, అంతే. నీలం అప్పటికప్పుడు అక్కడే పుడుతుంది, మన నెత్తి మీద రోజూ పుట్టే పద్ధతిలోనే. ఇటలీలో కోమో నగరంలోని ఇన్సుబ్రియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన పావొలో డి ట్రపాని అనే భౌతిక శాస్త్రవేత్త బృందం దీన్ని తయారుచేసింది, కోయెలక్స్ పేరుతో అమ్ముతున్నారు.

ఆకాశం నీలంగా ఎందుకుంటుందో అందరం బళ్లో చదివాం. పరిక్షేపణం, అంటే కాంతి చెదరడం, తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుందని రెండు మార్కుల కోసం బట్టీ పట్టాం. తరంగదైర్ఘ్యం నీలానికి 450 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు), ఎరుపుకు 650 అనుకుంటే, నీలం నాలుగు రెట్లకు పైగా ఎక్కువ చెదురుతుంది. ఇది వదిలేద్దాం. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ఆకాశానికి నీలం రావాలంటే మన పైనున్న గాలంతా కావాలి. ఆ గాలినంతా నేల మట్టం దగ్గరి సాంద్రతకు నొక్కిపెట్టినా సుమారు 8 కిలోమీటర్ల మందం వస్తుంది, అంత గాలి కూడా 450 నానోమీటర్ల నీలంలో ఐదో వంతును మాత్రమే చెదరగొడుతుంది. మరి 8 కిలోమీటర్ల పని కొన్ని మిల్లీమీటర్ల పలక ఎలా చేస్తోంది?

జవాబు బళ్లో చెప్పని ఇంకో ఘాతంలో ఉంది. కాంతి తరంగం కంటే బాగా చిన్నదైన రేణువు చెదరగొట్టే కాంతి దాని వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. నాలుగోది కాదు, ఆరోది! రేణువు రెట్టింపైతే చెదిరే కాంతి 64 రెట్లు, పది రెట్లైతే పది లక్షల రెట్లు. గాలి అణువు అడ్డం నానోమీటరులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. దానికి వంద రెట్లున్న రేణువు, అంటే ఓ 37 నానోమీటర్లది తీసుకోండి. ఇంకా అది కాంతి తరంగంలో పదో వంతే, కాబట్టి నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా చెదరగొట్టే గుణం పోదు. కానీ వంద ఆరో ఘాతం అంటే లక్ష కోట్లు. ఒక్క రేణువు లక్ష కోట్ల గాలి అణువుల పెట్టు!

లెక్క ఇంకా ముందుకు తీసుకెళ్తాను, నాకు ఇక్కడ ఆగాలని లేదు. ఒక చదరపు సెంటీమీటరు నేల మీద నిలబడ్డ గాలి స్తంభం బరువు సుమారు ఒక కిలో. అందులో అణువులు రెండు పక్కన 25 సున్నాలు. లక్ష కోట్లతో భాగిస్తే 20 లక్షల కోట్ల రేణువులు మిగులుతాయి. పెద్ద సంఖ్యే, కానీ అవన్నీ కలిపి ముద్ద చేసి ఆ చదరపు సెంటీమీటరు మీద పరిస్తే వచ్చే పొర ఐదారు మైక్రాన్లు, తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. వక్రీభవన గుణకాలు, అంటే ఏ పదార్థం కాంతిని ఎంత వంచుతుందో, పట్టించుకోకుండా వేసిన ముతక లెక్క ఇది, అయినా కథ అర్థమవుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్‌లో టైటానియం డయాక్సైడ్ లాంటి దాన్ని, మనం గోడలకు వేసే తెల్ల పెయింట్‌లో ఉండే ఆ పొడినే, ఇంత సన్నగా చేసి చిటికెడు కలిపితే ఒక ఆకాశం సరిపడా వచ్చేస్తుంది.

అదే పొడి పెయింట్‌లో తెల్లగా ఎందుకుందంటే అక్కడ రేణువు రెండు మూడు వందల నానోమీటర్లు, అంటే కాంతి తరంగంతో పోటీపడే సైజు. అప్పుడు పై లెక్క చెల్లదు, అన్ని రంగులూ దాదాపు ఒకేలా చెదురుతాయి. మబ్బు తెలుపూ పాల తెలుపూ ఈ జాతివే. అందుకే ఈ పలక చేయడంలో అసలు కష్టం రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా చూడటం. రాగి జావ సరిగ్గా కలపకపోతే ఉండలు కట్టినట్టు ఇవి ఉండలు కట్టాయంటే మన ఆకాశం పొగమంచు పట్టినట్టు తెల్లబారిపోతుంది.

ఇంట్లో చూడాలంటే గాజు గ్లాసు నీళ్లలో రెండు మూడు చుక్కల పాలు వేసి, చీకటి గదిలో ఒక పక్క నుంచి ఫోన్ టార్చి వెయ్యండి. పక్క నుంచి చూస్తే లేత నీలం, టార్చికి ఎదురుగా చూస్తే పసుపు. గ్లాసు వెనక నల్లగుడ్డ పెట్టడం మాత్రం మరిచిపోవద్దు, తెల్ల గోడ ఉంటే ఆ నీలం కనిపించదు. అసలు ఆకాశం వెనక నల్లటి శూన్యం ఉంది కాబట్టే మనకు నీలం తెలుస్తోంది. స్కైలైట్‌లో కూడా పలక వెనక పెట్టెను లోపలంతా నల్లగా ఉంచుతారు. అంటే అంతరిక్షాన్ని కూడా అమర్చుకోవాల్సి వచ్చింది! ఈ గ్లాసు ప్రయోగం ఐదు నిమిషాల పని, దీన్ని చూపించకుండా సూత్రం మాత్రమే రాయించడం పిల్లలకు చేసే అన్యాయం. భౌతిక శాస్త్రవేత్త సి.వి. రామన్ చిన్నతనంలో విశాఖపట్నంలోనే చదువుకున్నాడు, 1921లో ఓడ మీద మధ్యధరా సముద్రం నీలాన్ని చూసి ఇది ఆకాశపు ప్రతిబింబం కాదు, నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని తేల్చాడు. ఆయన దారి మొదలైంది ఇలాంటి చూపుతోనే.

ఇంకో సంగతి. నీలం పక్కకు చెదిరిపోయింది కాబట్టి నేరుగా వచ్చే వెలుగులో ఆ మేరకు నీలం తగ్గుతుంది, ఎండ వెచ్చని పసుపులోకి మారుతుంది. ఆకాశపు నీలం, ఎండ పసుపు ఒకే దీపంలోంచి విడిపోయిన పాళ్లు. అందుకే ఆ ఎండలో చెయ్యి పెడితే నీడ బూడిదరంగులో పడదు, లేత నీలంగా పడుతుంది. ప్రింట్ చేసిన ప్యానెల్ ఇది ఎన్నటికీ చేయలేదు.

ఇక ఎండ. మా అమ్మమ్మ వాళ్ల పెంకుటింట్లో వంటగది కప్పుకు ఒక గాజు పెంకు ఉండేది. అందులోంచి ఏటవాలుగా దిగే ఎండ నేల మీద పలక బిళ్లంత పడి, మధ్యాహ్నానికి పొయ్యి దాకా జరిగేది. ఆ వెలుగుకు అంత పదును ఎలా వస్తుందంటే, సూర్యుడు తన వ్యాసానికి సుమారు 107 రెట్ల దూరంలో ఉన్నాడు, ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే ఆక్రమిస్తాడు. నేలకు మీటరు ఎత్తున చెయ్యి పెడితే నీడ అంచు మసక 9 మిల్లీమీటర్లే. (ఈ సంఖ్యను 108 చేసి జపమాల పూసలకు ముడిపెట్టే మెసేజ్‌లు నాకు తరచూ వస్తుంటాయి. ఆ నిష్పత్తి జనవరిలో 106 దగ్గర, జులైలో 109 దగ్గర ఉంటుంది. మాల మీద గౌరవానికి ఈ లెక్క అవసరం లేదు.)

అలాంటి ఎండ కావాలంటే కిరణాలు దాదాపు సమాంతరంగా రావాలి. అలా వస్తే దీపం అనంత దూరంలో ఉన్నట్టు మన రెండు కళ్లూ నమ్ముతాయి. బస్సులో వెళ్తుంటే చందమామ వెంట వచ్చినట్టు, గదిలో నడుస్తుంటే ఆ సూర్యుడు మనతో కదులుతాడు, చట్రం అంచు దాటి కనుమరుగవుతాడు. పక్కకు తప్పుకున్నవాళ్లకు నీలాకాశం మాత్రమే కనిపిస్తుంది. ఖర్చంతా ఇక్కడే, చోటు కూడా ఇక్కడే పోతుంది. తొలి మోడళ్లకు కప్పు పైన మీటరు లోతు దాకా కావాల్సి వచ్చింది. జపాన్‌లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ 2020లో తెచ్చిన మిసోలా ఈ బరువు దించేసుకుంది. అందులో పలక అంచుల నుంచి వెలుగు పంపి నీలం పుట్టిస్తారు, చట్రంలో మూడు వైపులు వెలిగించి ఒక వైపు నీడలో ఉంచి ఎండ పడిన భ్రమ కలిగిస్తారు. తెలివైన పనే, కానీ నేల మీద ఎండ పడదు. నాకైతే నేల మీద పడే ఆ బిళ్లే కావాలి.

మేనకోడలికి ఒక్కటి గట్టిగా చెప్పాను. మిట్టమధ్యాహ్నం బయట లక్ష లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాకా వెలుగుంటుంది, మన గదుల్లో మూడు నాలుగు వందలు. ఈ యంత్రం ఆ లక్ష దరిదాపులకు రాదు, ఇందులో అతినీలలోహిత కిరణాలు ఉండవు కనుక విటమిన్ డి కూడా రాదు. పిల్లాణ్ని డాబా మీదికి తీసుకెళ్లడం మానొద్దు.

"డాబా మీద పాత డిష్ ఉంది, దానితో చేయొచ్చట కదా?" అంది వెంటనే. నిజమే. ఇంగ్లండ్‌లో ఒకతను పాత శాటిలైట్ డిష్‌కు అద్దంలాంటి ఫిల్మ్ అంటించి, దాని నాభి దగ్గర, అంటే డిష్ కిరణాలను పోగేసే చోట, 500 వాట్ల ఎల్ఈడీ పెట్టి సమాంతర కిరణాలు సాధించాడు. మన ఊళ్లలో తుప్పు పడుతున్న డిష్‌లకు కొదవ లేదు కూడా. కానీ ఆ ఫిల్మ్ అంటించాక డిష్‌ను ఒక్క నిమిషం కూడా అసలు ఎండలో వదలకూడదు. దీపం నుంచి సమాంతర కిరణాలు చేసే అద్దం, సమాంతరంగా వచ్చే ఎండను ఆ నాభి దగ్గరే పోగేస్తుంది, అక్కడ బట్ట ఉంటే బట్ట, చెయ్యి ఉంటే చెయ్యి కాలుతుంది.