చెడ్డ బ్యాక్‌లింకుల భయం ఎక్కడ పుట్టింది?

వెబ్‌సైట్ నడిపేవాళ్లకు తరచూ ఒక మెయిల్ వస్తుంటుంది. "మీ సైట్‌కి వందల కొద్దీ టాక్సిక్ లింకులున్నాయి, వెంటనే తీయించకపోతే ర్యాంకింగ్ పడిపోతుంది" అని. వేరే సైట్ నుంచి మన సైట్‌కి వచ్చే లింకే బ్యాక్‌లింకు, అది చెడ్డదైతే టాక్సిక్ అంటారు. ర్యాంకింగ్ అంటే సెర్చ్ ఫలితాల్లో మన స్థానం. మెయిల్ కింద ఎర్ర రంగులో ఒక స్కోరు. చదివినవాళ్లకు టెన్షన్ పట్టుకోవడం సహజం. ముక్కూ మొహం తెలియనివాళ్లు మన సైట్‌కి లింకు పెడితే మనకెందుకు శిక్ష అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అయితే ఈ భయం ఊరికే పుట్టలేదు.

1996లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఒక సెర్చ్ ఇంజిన్ మీద పని మొదలుపెట్టారు. దాని మొదటి పేరే బ్యాక్‌రబ్. ఒక పరిశోధన పత్రాన్ని ఎంతమంది ఉదహరిస్తే దానికి అంత విలువ కదా, వెబ్‌లో లింకును కూడా అలాగే చూద్దామన్నది వాళ్ల ఆలోచన. పేరున్న పేజీ నుంచి వచ్చిన లింకుకు బరువెక్కువ. దీనికే పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టారు. 1998లో గూగుల్ కంపెనీ అయింది.

నా ఉద్దేశంలో వ్యవహారం చెడింది 2000 చివర్లో. గూగుల్, బ్రౌజర్‌కి జోడించుకునే తన టూల్‌బార్‌లో పేజ్‌ర్యాంక్‌ను 0 నుంచి 10 దాకా మార్కులుగా అందరికీ చూపించడం మొదలుపెట్టింది. అంకె కనబడగానే దానికి ధర కూడా వచ్చింది. ఎక్కువ మార్కులున్న పేజీలో లింకు పెట్టించుకోవాలంటే ఇంత అని బేరాలు నడిచాయి. ఒకదానికొకటి లింకులిచ్చుకోవడానికే సైట్ల గుంపులు పుట్టాయి. కామెంట్లు రాసే చోటల్లా లింకులు కుమ్మరించారు. ఈ కామెంట్ల బెడద తట్టుకోలేక 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ కలిసి నోఫాలో అనే గుర్తు తెచ్చాయి. ఆ గుర్తున్న లింకును గూగుల్ 2019 దాకా ర్యాంకింగ్ లెక్కలో వేసుకునేది కాదు. టూల్‌బార్ మార్కులు మాత్రం 2016 దాకా కనబడుతూనే ఉన్నాయి.

2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం ప్రచురించింది. అమెరికాలోని పెద్ద రిటైల్ సంస్థ జేసీ పెన్నీ పండగ సీజన్‌లో దుస్తుల దగ్గర్నుంచి పరుపు సామాన్ల దాకా ఎన్నో వెతుకులాటల్లో పైన కనబడింది. కారణం, సంబంధం లేని వేల పేజీల్లో దాని పేరిట వెలిసిన లింకులు. గూగుల్ ఆ సైట్‌ను కిందికి దించేసింది. ఆ లింకులతో తమకు సంబంధం లేదన్న కంపెనీ తన ఎస్ఈఓ సంస్థను, అంటే సెర్చ్ ఫలితాల్లో సైట్‌ను పైకి తెచ్చే పని చూసే సంస్థను, తొలగించింది.

ఆ మరుసటి ఏడాది, 2012 ఏప్రిల్ 24న గూగుల్ అల్గారిథంలో, అంటే సెర్చ్ ఫలితాల వరుసను నిర్ణయించే లెక్కలో, పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చింది. ఇంగ్లిష్‌లో జరిగే సెర్చ్‌లలో సుమారు 3.1 శాతం మీద దీని ప్రభావం ఉంటుందని గూగుల్ చెప్పింది. ఈనాటి భయానికి అసలు మూలం ఇదే. జేసీ పెన్నీలా గూగుల్ మనుషులే చూసి దించేసిన సైట్లు తప్పితే, ముందున్న పద్ధతిలో చెడ్డ లింకు సాధారణంగా పనికిరాకుండా పోయేది, అంతే. పెంగ్విన్ వచ్చాక అదే లింకు సైట్ మొత్తాన్నీ కిందికి లాగగలిగింది. పోనీ తప్పు దిద్దుకుంటే వెంటనే కోలుకుంటారా అంటే అదీ లేదు. పెంగ్విన్ మళ్లీ నడిచేదాకా ఆగాలి. 2014 అక్టోబర్ తర్వాత పెద్ద అప్‌డేట్ 2016 సెప్టెంబర్‌లో గానీ రాలేదు. చిన్న వ్యాపారానికి రెండేళ్లంటే ఎంత కాలమో ఆలోచించండి. లింకులు తీసేయమని తెలియని సైట్ల వాళ్లకు మెయిళ్లు పెట్టి బతిమాలుకున్నారు. తీసేయడానికి డబ్బులడిగినవాళ్లూ ఉన్నారు. చెడ్డ లింకు ముంచుతుందంటే, పోటీదారు మన పేరిట వాటిని కొనిపెట్టొచ్చు కదా అన్న అనుమానం కూడా అప్పుడే బలపడింది.

ఆ మొర విన్నాకే 2012లో డిసవౌ టూల్ వచ్చింది, ముందు మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో, తర్వాత అక్టోబర్‌లో గూగుల్‌లో. ఫలానా లింకులను, లేదా ఫలానా డొమైన్ నుంచి వచ్చే అన్ని లింకులనూ నా లెక్కలో వేయకండి అని టెక్స్ట్ ఫైల్‌లో రాసి పంపడం. అప్పట్లో అది నిజంగా ప్రాణం పోసిన పనిముట్టు.

2016 సెప్టెంబర్‌లో వచ్చిన పెంగ్విన్ 4తో పరిస్థితి మారింది. అది మూల అల్గారిథంలో కలిసిపోయి ఎప్పటికప్పుడు పనిచేస్తుంది. సైట్‌ను శిక్షించే బదులు చెడ్డ లింకు విలువను తీసేస్తుంది. 2022 డిసెంబర్ నుంచి లింక్ స్పామ్‌ను పట్టే పనికి స్పామ్‌బ్రెయిన్ అనే ఏఐ వ్యవస్థను కూడా వాడుతున్నారు. బింగ్ అయితే 2023లో డిసవౌ టూల్‌నే ఎత్తేసింది. గూగుల్ దాన్ని ఉంచినా, చాలా సైట్లకు అవసరం లేదని అక్కడే హెచ్చరిస్తుంది.

అందుకే ఆ మెయిల్ వస్తే డబ్బు కట్టేముందు సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ పేజీ తెరవండి. గూగుల్ మనుషులు చూసి మీ సైట్ మీద చర్య తీసుకుంటే ఆ నోటీసు అక్కడ ఉంటుంది. టాక్సిక్ స్కోరు బయటి టూల్స్ వేసుకున్న లెక్క, గూగుల్‌ది కాదు. లింకుల మీద నోటీసు ఉంటే మాత్రం పని తప్పదు: తీయించగలిగినవి తీయించి, మిగిలినవి డిసవౌ చేసి, పునఃపరిశీలన కోరాలి. మీరో, మీ ఏజెన్సీయో భారీగా లింకులు కొని ఉంటే నోటీసు రాకముందే శుభ్రం చేసుకోవడం మంచిది. రెండూ లేకపోతే డిసవౌ ఫైల్ జోలికి పోకండి. టూల్ ఇచ్చిన జాబితాను యథాతథంగా పంపితే అందులో మంచి లింకులూ పోతాయి.

ఇంకొకటి. కొన్న లింకుల బలంతో పైకి వచ్చిన సైట్, గూగుల్ వాటిని లెక్కలోంచి తీసేశాక కిందికి వస్తుంది. అది శిక్షలాగే కనబడుతుంది. కానీ అక్కడ పోయింది ఆ లింకులిచ్చిన అరువు బలం, డిసవౌ చేసినా అది తిరిగి రాదు.