లాంగ్ పాస్: చేతి బలాన్ని గజాల్లో కొలవాలా, సెకన్లలోనా?

అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులు ఏ సీజన్‌లోనైనా తెగకుండా వాదించుకునే సంగతి ఒకటుంది: ఫలానా క్వార్టర్‌బ్యాక్ (జట్టులో బంతి విసిరేవాడు) బంతిని దూరం విసరగలడా, లేడా? డాలస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో కూడా ఆదివారం టీవీ ముందు ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. 2022లో ఈ వాదనంతా మయామీ డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా మీదే నడిచింది. ఆ మార్చిలో కాన్సస్ సిటీ నుంచి టైరీక్ హిల్ అనే మహా వేగగాడు రిసీవర్‌గా, అంటే పరిగెత్తి పాస్ పట్టేవాడిగా, వచ్చాడు. అక్కడ అతనికి బంతి అందించినవాడు ప్యాట్రిక్ మహోమ్స్. టువా చేతికి అంత సత్తా లేదనీ, హిల్ ఆగి బంతి కోసం ఎదురుచూడాల్సి వస్తుందనీ ఒక పక్షం అంది. ఆ చెయ్యి చాలని ఇంకో పక్షం.

సెప్టెంబర్ 18న బాల్టిమోర్‌లో మూడు క్వార్టర్లు ముగిసేసరికి మయామీ 35-14తో వెనకబడి ఉంది. చివరికి 42-38తో గెలిచింది. టువా తన పాస్‌లతో ఆరు టచ్‌డౌన్‌లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం), 469 గజాలు సాధించాడు. నాలుగో క్వార్టర్‌లో హిల్‌కి వేసిన రెండు టచ్‌డౌన్‌లు 48, 60 గజాలవి. ఆ సీజన్‌లో ఒక్కో పాస్ ప్రయత్నానికి టువా సగటు 8.9 గజాలు, ఎన్ఎఫ్ఎల్ లీగ్‌లోకెల్లా ఎక్కువ. అయినా వాదన ఆగలేదు. ఇరుపక్షాల మాటలోనూ కొంత నిజం ఉంది. వాదన మాత్రం దూరం దగ్గరే ఆగిపోయింది, తేల్చుకోవాల్సింది సమయం సంగతి.

ముందు గజాల లెక్క చూద్దాం. తెర మీద కనిపించే "45 గజాల పాస్" అనేది ఆ ఒక్క ప్రయత్నంలో బంతి ఆట మొదలైన గీత నుంచి కొలిచింది. క్వార్టర్‌బ్యాక్ ఆ గీతకి ఏడెనిమిది గజాలు వెనక్కి వచ్చి విసురుతాడు. మైదానం వెడల్పు 53 గజాల పైన. మధ్యలో నిలబడి పక్క గీత దగ్గర పరిగెత్తే రిసీవర్‌కి వెయ్యాలంటే అడ్డంగా ఇంకో 22 గజాలు. నిలువు 53, అడ్డం 22 అనుకుని పైథాగరస్ సూత్రం వేస్తే బంతి గాల్లో నడిచిన దారి 57 గజాలు దాటుతుంది, అంటే 52 మీటర్లు. అదే 45 గజాల పాస్‌ని తిన్నగా ఎదురుగా వేస్తే 53 గజాలే. కాబట్టి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌ల "పొడవైన పాస్"లను టీవీ అంకెలతో పోల్చడం అన్యాయం. ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలోనూ బంతిలోనూ పెట్టిన చిప్‌ల వల్ల లీగ్ దగ్గర ఇప్పుడు ఈ అసలు దూరం కూడా ఉంటోంది. వాదించేవాళ్లు చూడాల్సింది ఆ అంకెనే.

ఇక వేగం. ఈ ఆటలో గట్టి చెయ్యి అంటే గంటకు 60 మైళ్లు, మామూలు చెయ్యి అంటే 50 నుంచి 55. గాలి అడ్డును కాసేపు పక్కనపెట్టి, విసిరిన ఎత్తులోనే పట్టుకున్నారనుకుందాం. 45 డిగ్రీల కోణంలో వేస్తే 60 మైళ్ల బంతి 80 గజాలు పోతుంది. 55 మైళ్లదైతే 67, 50 మైళ్లదైతే 56 దగ్గర ఆగుతుంది. దూరం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి వేగం పది శాతం పెరిగితే దూరం ఇరవైఒక్క శాతం పెరుగుతుంది. 55 మైళ్లు వేయగలిగినవాడికి మన 57 గజాల పాస్ అందనిదేమీ కాదు.

తేడా గాల్లో గడిచే సమయంలో ఉంది. 60 మైళ్లవాడు ఆ బంతిని సుమారు 23 డిగ్రీల కోణంలో, చదునుగా వేయగలడు. అది 2.1 సెకన్లలో చేరుతుంది. 55 మైళ్లవాడు 29 డిగ్రీలు ఎత్తాలి, అప్పుడు 2.4 సెకన్లు పడుతుంది. తేడా 0.3 సెకను. సెకనుకి తొమ్మిది పది గజాలు పరిగెత్తే రిసీవర్‌కి అది మూడు గజాలు. రిసీవర్ 45 గజాలు దాటడానికి ఐదు సెకన్లు పడుతుందనుకుంటే, గట్టి చెయ్యి ఉన్నవాడు 2.9 సెకన్ల దాకా ఆగి, డిఫెండర్ ఎటు తిరిగాడో చూసి వేయవచ్చు. రెండోవాడు 2.6 సెకన్లకే, రిసీవర్ ఇంకా డిఫెండర్‌ని దాటకముందే, దాటుతాడన్న నమ్మకంతో వేసెయ్యాలి.

ఆలస్యమైతే ఏమవుతుందో కూడా లెక్క చెబుతుంది. 55 మైళ్లవాడు 0.3 సెకను ఎక్కువ ఆగాడనుకోండి. రిసీవర్ మూడు గజాలు ముందుకెళ్తాడు, కావలసిన దూరం 60 గజాలవుతుంది, కోణం 32 డిగ్రీలకి పెరుగుతుంది, బంతి గాల్లో ఇంకో 0.2 సెకను ఎక్కువ ఉంటుంది. ఆ 0.2 సెకనులో రిసీవర్ మరో రెండు గజాలు పోతాడు. టువా లీగ్‌లో అతి త్వరగా బంతి వదిలేవాళ్లలో ఒకడు. అతని ఆటంతా ఆ 0.3 సెకనును ముందే సంపాదించుకోవడం మీద కట్టిందే. ముందున్న రక్షణ గోడ కూలి, అడుగులు తప్పి, వెనక కాలి మీదే ఉండి వేయాల్సి వచ్చినప్పుడు బంతి ఎందుకు తక్కువ పడుతుందో కూడా ఇదే చెబుతుంది. అభిమానుల్లో ఒకరు ముందే వదిలిన పాస్ చూసి మెచ్చుకుంటారు, ఇంకొకరు ఇలా తక్కువ పడ్డది చూసి తిడతారు.

గాలి అడ్డును ఇప్పుడు కలుపుదాం. బంతి పొడవు 11 అంగుళాలు, బరువు 14 నుంచి 15 ఔన్సులు. చక్కటి స్పైరల్‌లో అది నిమిషానికి దాదాపు 600 చుట్లు తిరుగుతూ ముక్కుతో గాలిని చీల్చుకుపోతుంది. అప్పుడు గాలి లాగుడు బంతి బరువులో సుమారు ఐదో వంతు. అదే బంతి అడ్డంగా పడితే లాగుడు బరువునే మించిపోతుంది. అందుకే ఊగులాడే బంతి చివరి పది గజాల్లో చచ్చుబడి రాలుతుంది.

ఇందులో చాలాకాలం భౌతికశాస్త్రజ్ఞులను సతాయించిన చిక్కు ఒకటుంది. గిర్రున తిరిగే వస్తువు తన ఇరుసు దిశను వదలదు. ముక్కు పైకెత్తి విసిరిన బంతి ముక్కు పైకే ఉంచుకుని దిగాలి కదా? మంచి స్పైరల్ మాత్రం దారితో పాటే ముక్కు వంచుకుని దిగుతుంది. 2020లో రిచర్డ్ ప్రైస్, విలియం మాస్, టిమోతీ గే అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో దీన్ని తేటగా విప్పిచెప్పారు. గాలి ముక్కును పైకి నెడుతుంది. బంతి తిరుగుతోంది కాబట్టి ఆ నెట్టుడుకు ముక్కు పైకి పోకుండా పక్కకి తిరుగుతుంది, ఒరిగిన బొంగరం కిందపడకుండా చుట్టూ ఊగినట్టు. అలా ముక్కు ప్రయాణ దిశ చుట్టూ చిన్న సున్నాలు చుడుతూ పోతుంది. దిశ కిందికి వంగేకొద్దీ ఆ సున్నాలూ దానితో పాటే వంగుతాయి. కుడిచేతివాడు వేసిన బంతి ముక్కు కొద్దిగా కుడివైపు ఉంటుంది, బంతి కూడా కాస్త కుడికి జరుగుతుంది. టువా ఎడమచేతివాడు, అతని బంతి ఎడమకి జరుగుతుంది. కుడిచేతి పాస్‌లకు అలవాటుపడ్డ రిసీవర్‌కి ఆ కొద్దిపాటి తేడా సాధనలో పట్టుబడాల్సిందే.

ఈ వేగం భుజం ఒక్కదాని నుంచే పుట్టదు. వెనక కాలు నేలను నెట్టాలి, తుంటి ముందుగా తిరగాలి, ఆ తర్వాత నడుము పైభాగం, భుజం, మోచెయ్యి, చివరగా మణికట్టు. ముందు అడుగు మరీ పెద్దదైతే శరీరం బరువు వెనకే ఉండిపోయి బంతి పైకి తేలిపోతుంది. అడుగు లక్ష్యానికి అడ్డంగా పడితే తుంటి తిరగదు, భారమంతా భుజం మీద పడుతుంది. పాస్‌కి ఎత్తు కావాలంటే ముందు భుజాన్ని పైకి వంచాలి. చెయ్యి మాత్రమే పైకెత్తితే స్పైరల్ చెడుతుంది. బంతిని చివరగా వదిలేది చూపుడువేలు, వదిలాక బొటనవేలు నేలవైపు తిరగాలి. తడిసిన బంతి మీద ఆ వేలు జారితే ఊగులాట అక్కడే మొదలవుతుంది.

ఖచ్చితత్వం విషయంలో ఎత్తుగా వేసేవాళ్ల పక్షాన ఒక గట్టి వాదన ఉంది. 25 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తప్పితే 55 గజాల పాస్‌లో గజంన్నర తేడా వస్తుంది. 45 డిగ్రీల దగ్గర ఆ తేడా దాదాపు సున్నా. పైగా బంతి నిటారుగా దిగితే డిఫెండర్ తల మీదుగా రిసీవర్ చేతుల్లో పడుతుంది. క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ సియాటిల్‌లో రిసీవర్ టైలర్ లాకెట్‌కి ఏళ్ల తరబడి ఇలాగే వేశాడు. కాకపోతే ఆ ఎత్తుకి వెల సమయమే, మధ్యలో వెనకాల కాపలా కాసే డిఫెండర్, అంటే సేఫ్టీ, పరిగెత్తుకొచ్చేస్తాడు. ఇక వేగంలో రెండు శాతం పొరపాటు ఏ కోణంలోనైనా రెండు గజాలకి పైగా ఖర్చు పెడుతుంది. పక్కకి ఒక డిగ్రీ తప్పితే ఒక గజం పోతుంది.

ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంపిక చేసుకునే ముందు కుర్రాళ్ల విసురును రాడార్‌తో కొలుస్తారు. 2017లో మహోమ్స్‌కి 60 మైళ్లు వచ్చింది, ఇంకో క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కి 49. మూడేళ్ల తర్వాత, 2020లో, లీగ్‌లో అత్యధికంగా 4,823 గజాలు విసిరింది వాట్సనే. బఫలో క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ కథ దీనికి రెండో వైపు. బలానికి కొదవే లేని అలెన్ 2018లో 52.8 శాతం పాస్‌లు మాత్రమే అందించగలిగాడు. అడుగులు, తుంటి తిరుగుడు దిద్దుకుని, స్టీఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్ కూడా దొరికాక 2020లో అది 69.2కి చేరింది. ఖచ్చితత్వం పుట్టుకతో రావాల్సిందేనన్న వాదనకి ఇంతకంటే గట్టి జవాబు ఇంకొకటి కనిపించదు.

తక్కువ పడ్డ బంతి ప్రతిసారీ నష్టమే అనుకోకూడదు. బంతి కోసం రిసీవర్ ఆగినప్పుడు, వెనక్కి తిరిగి చూడని డిఫెండర్ వచ్చి అతన్ని గుద్దుకుంటే అది తప్పిదం. ఎన్ఎఫ్ఎల్ నిబంధన ప్రకారం బంతిని ఆ తప్పిదం జరిగిన చోటనే ఉంచుతారు, అది నలభై గజాల అవతలైనా సరే. కాలేజీ ఆటలో అయితే పదిహేను గజాలకి మించదు. ఈ గజాలు క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో చేరవు కాబట్టి సీజన్ చివర పట్టికల్లో అవి కనిపించవు. లాంగ్ పాస్ గురించి వాదించేటప్పుడు రీప్లేలో రెండు చోట్ల బొమ్మ ఆపి చూడాలి. బంతి చేయి వదిలిన క్షణంలో రిసీవర్ డిఫెండర్‌ని దాటాడా లేదా అన్నది ఒకటి. ఆ క్షణంలో క్వార్టర్‌బ్యాక్ బరువు ఏ కాలి మీద ఉంది అన్నది రెండోది.